మూసిన రింగా, చీలిక రింగా: ఇంట్లో బడ్జీలను పెంచేవారికి ఏది మేలు?

ఒక్క జత బడ్జీలను (పంజరంలో పెంచే చిన్న చిలుకలను) ఉంచుకుని, వాటి పిల్లలను తిరిగి జతకట్టించే ఉద్దేశం లేనివారికి కాలి రింగుతో పెద్దగా పని ఉండదు. ఆ పిల్లల నుంచి మరో తరాన్ని తీయాలనుకున్నప్పుడు మాత్రం ఏ పక్షి ఎవరి సంతానమో, ఏ ఏడాది పుట్టిందో చెప్పగల గుర్తు తప్పనిసరి అవుతుంది. చాలా రంగుల బడ్జీలలో నుదుటి మీది చారలు మూడు నాలుగు నెలల వయసులో, తొలిసారి ఈకలు రాల్చేటప్పుడు పోతాయి. ఆ తరువాత ఏడాది పక్షికీ నాలుగేళ్ల పక్షికీ తేడాను కంటితో పట్టుకోవడం కష్టం. వంశం సంగతి ఇంకా కష్టం. లూటినో (పసుపు ఈకలు, ఎర్ర కళ్లు ఉండే రకం) మగ పక్షిని మామూలు ఆకుపచ్చ ఆడ పక్షితో జతకడితే ఆడ పిల్లలన్నీ లూటినోలవుతాయి, మగ పిల్లలు మాత్రం లూటినో గుణాన్ని లోపల దాచుకుని పైకి ఆకుపచ్చగానే కనిపిస్తాయి. అలాంటి మగ పక్షి గుంపులో కలిసిపోతే, రింగు లేకుండా దానిని వేరుచేసి చూపడం పెంచినవారికి కూడా సాధ్యం కాదు. తోబుట్టువులు పొరపాటున జతకట్టే ప్రమాదం కూడా ఇలాగే వస్తుంది.

మూసిన రింగు అతుకు లేని గుండ్రటి లోహపు కడియం. సాధారణంగా అల్యూమినియంతో చేస్తారు. దాని మీద పుట్టిన సంవత్సరం, పెంపకందారు గుర్తు, వరుస సంఖ్య ఉంటాయి. పాదం చిన్నగా ఉన్నప్పుడే ఎక్కుతుంది కనుక, పెరిగిన పక్షికి దానిని తొడగడం కుదరదు. ఈ పరిమితే దానికి విలువనిస్తుంది: రింగు మీద ఉన్న ఏడాదిలోనే ఆ పక్షి పుట్టిందని ఎవరైనా నమ్మవచ్చు. పక్షులను పోటీ ప్రదర్శనలకు తీసుకువెళ్లాలనుకునేవారు సాధారణంగా పెంపకందారుల సంఘం జారీ చేసిన ఇలాంటి రింగునే వాడతారు.

ఒకచోట చీలి ఉండి తెరుచుకునే చీలిక రింగును ఏ వయసులోనైనా తొడగవచ్చు, అవసరమైతే తీయవచ్చు. ఆ సౌలభ్యం వల్లనే అది వయసుకు రుజువు కాలేదు. లోహపు చీలిక రింగు అంచులు సరిగ్గా కలవకపోతే ఆ సందులో దారపు పోగో, పంజరపు తీగో చిక్కుకుని పక్షి కాలు మెలిపడే ప్రమాదం ఉంది. రంగు రంగుల ప్లాస్టిక్ రింగులు దూరం నుంచే కనిపిస్తాయి కనుక ఎగిరే పక్షుల మధ్య ఫలానా దానిని గుర్తుపట్టడానికి బాగా ఉపయోగపడతాయి. అయితే బడ్జీ ముక్కు వాటిని కొరికి ఊడదీయగలదు కనుక వాటినొక్కటే నమ్ముకుని వంశావళి రాయడం నాకు సమ్మతం కాదు.

అసలు మూసిన రింగు వేయగలమా లేదా అన్నది మన గూడు ఏ రకమైనదన్న దాన్ని బట్టే తేలుతుంది. ఆడ బడ్జీ సాధారణంగా రోజు విడిచి రోజు ఒక గుడ్డు చొప్పున నాలుగు నుంచి ఆరు పెడుతుంది. చాలాసార్లు మొదటి గుడ్డు నుంచో రెండో గుడ్డు నుంచో పొదగడం మొదలుపెడుతుంది. ఒక్కో గుడ్డు సుమారు 18 రోజులకు పగులుతుంది. అందువల్ల ఆరు పిల్లలున్న గూటిలో పెద్దదానికీ చిన్నదానికీ పది రోజుల వరకు ఎడం ఉండవచ్చు. మూసిన రింగుకు అనువైన వయసు ఇంచుమించు అయిదు నుంచి పది రోజుల మధ్య కనుక, అన్నింటికీ ఒకే రోజు వేసేద్దామంటే కుదరదు. ఒక్కొక్క పిల్లకు దాని రోజు వచ్చినప్పుడే వేయాలి. అంటే గూటిని రోజూ తెరిచి చూడగలగాలి.

ఇక్కడ కుండకు, చెక్క పెట్టెకు తేడా తెలుస్తుంది. కుండ లోపలి గుండ్రదనం గుడ్లను ఒకచోట చేర్చి ఉంచుతుంది కానీ, ఇరుకు నోటిలోంచి చెయ్యి పెట్టి పిల్లను తీయడం ఇబ్బంది, శుభ్రం చేయడం అంతకన్నా ఇబ్బంది. తెరుచుకునే మూత గాని పక్క తలుపు గాని ఉండి, అడుగున గుంట తొలిచిన చెక్క పలక ఉన్న పెట్టె నిస్సందేహంగా మేలు. చదునైన అడుగు మీద పెరిగే పిల్లల కాళ్లు పక్కలకు జారి వంకరపోయే అవకాశం ఉంటుంది కనుక ఆ గుంటను అనవసరమని వదిలేయకూడదు. తడి రెట్ట వేళ్లకూ రింగుకూ అంటుకుని గట్టిపడితే కాలు ఒరుసుకుపోతుంది. కాబట్టి పలకను మార్చడం, లేదా పొడి చెక్క పొట్టు వేసి తరచు తీసివేయడం రింగు వేసేవారికి మరింత ముఖ్యం. ఘాటైన వాసన ఉండే దేవదారు జాతి చెక్క పొట్టు మాత్రం వాడరాదు.

రింగు తొడిగేటప్పుడు పిల్ల ముందరి రెండు వేళ్లను కలిపి రింగులో దూర్చి, అరికాలి మీదుగా పైకి జరపాలి. వెనుక రెండు వేళ్లను కాలికి ఆనించి పట్టుకుని, రింగు వాటి మీదుగా కాలిపైకి చేరాక, మొద్దుగా చెక్కిన అగ్గిపుల్లతో ఆ వేళ్లను మెల్లగా బయటికి తీయాలి. రింగు కాలి మీద సులువుగా తిరగాలి, జరగాలి. ఊడిపడితే ఒకటి రెండు రోజులు ఆగి మళ్లీ ప్రయత్నించవచ్చు. బలం వాడితే తప్ప ఎక్కని పరిస్థితి వస్తే సమయం దాటిపోయినట్టే. ఆ పిల్లకు చీలిక రింగుతో సరిపెట్టుకోవడమే న్యాయం. బడ్జీలకు వాడే మూసిన రింగు లోపలి కొలత 4 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. ప్రదర్శన రకం పక్షుల కాళ్లు లావుగా ఉంటాయి కనుక వాటికి కొంచెం పెద్దది కావాలి. కొలత కుదరని రింగు వేయడం కన్నా వేయకపోవడమే మంచిది. కొన్ని తల్లి పక్షులు మెరిసే లోహాన్ని చెత్తగా భావించి, పిల్లతో సహా బయటికి లాగడానికి ప్రయత్నిస్తాయి. రింగు మెరుపును కాస్త మసకబార్చి, సాయంత్రం వేళ తొడిగితే ఆ ఆందోళన తగ్గుతుంది.

ఇంట పుట్టిన పిల్లలకు, గూటిని రోజూ చూసే ఓపిక ఉన్నవారికి, నేను మూసిన రింగునే సూచిస్తాను. బయటి నుంచి రింగు లేకుండా వచ్చిన పెద్ద పక్షులకు అంచులు చక్కగా కలిసే లోహపు చీలిక రింగు తగినది. ఒకేలా కనిపించే తోబుట్టువులను పంజరంలో దూరం నుంచి వేరుచేసి చూడాలంటే, ఒక కాలికి మూసిన రింగు ఉండగా రెండో కాలికి రంగు ప్లాస్టిక్‌ది వేయవచ్చు. ఒకే కాలికి రెండు వేయవద్దు.

ఏ రింగైనా వేసి మరచిపోయే వస్తువు కాదు. పక్షిని చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ రింగు తిరుగుతున్నదో లేదో చూడాలి. గజ్జి పురుగు వల్ల కాలిపై పొలుసులు మందమైనా, గాయంతో కాలు ఉబ్బినా, వదులుగా ఉన్న రింగు కూడా బిగుసుకుని రక్తప్రసరణను ఆపేస్తుంది. అప్పుడు ఇంట్లో ఉన్న కటింగ్ ప్లయర్‌తో తీయబోతే అంత సన్నని ఎముక విరుగుతుంది. ఆలస్యం చేయకుండా పక్షులను చూసే పశువైద్యుని చేత తీయించాలి. తీసిన రింగు సంఖ్యను, తీసిన తేదీని పుస్తకంలో తల్లిదండ్రుల రింగు సంఖ్యల పక్కనే రాసుకుంటే, కాలు ఖాళీ అయినా ఆ పక్షి వంశం రాతలో నిలుస్తుంది.