పట్టపగలే శుక్రుడు: బరంపురం ఆకాశానికి 10×50 బైనాక్యులర్

పట్టపగలు 10×50 బైనాక్యులర్‌తో (పది రెట్లు పెద్దగా చూపేది, ముందు కటకం 50 మి.మీ.) చూడాలంటే చంద్రుడికైతే ఢోకా లేదు. శుక్ల అష్టమినాడు సాయంత్రం నాలుగింటికే తూర్పున నల్లటి మైదానాలు, పెద్ద బిలాలు తెలుస్తాయి. శుక్రుడే కష్టం. సూర్యుడికి 45 డిగ్రీల దూరంలో ఉన్నా, ఫోకస్ ఇసుమంత తప్పితే నీలంలో కలిసిపోతాడు. ముందు చంద్రుడి మీదో దూరపు కొండ మీదో ఫోకస్ కుదుర్చుకుని, ఆ చక్రం ఇక ముట్టుకోకుండా వెతకాలి. సూర్యుడు పూర్తిగా గోడ చాటున ఉండాలి, కటకంలో పడితే కన్ను పోతుంది.

నిజానికి 50 మి.మీ. కటకం పగలు సగం దండగ. అది కంటి వైపు 5 మి.మీ. (50÷10) వెడల్పు వెలుగు కట్ట ఇస్తుంది, ఎండలో కంటిపాప రెండు మూడు మి.మీ.కే ముడుచుకుంటుంది. కన్ను కాస్త జరిగినా బొమ్మ పోకపోవడం ఒక్కటే లాభం. వాన వెలిసిన మర్నాడు చూడండి, దుమ్ముండదు. ఈ సముద్రపు తేమకి ప్రిజాలు బూజు పడతాయి. సంచిలో తేమ పీల్చే సిలికా జెల్ తప్పనిసరి.