సంగటికి వంక లేదు, పేచీ అంతా పళ్లేలు ఎత్తే దగ్గరే

కర్నూలులో ఈ మధ్య తెరిచిన ఒక ఏసీ భోజనశాలకు రెండు ఆదివారాలు, ఒక బుధవారం వెళ్లి వచ్చాక ఈ సమీక్ష రాస్తున్నాను. చెప్పవలసిన వాటిలో ఫిర్యాదులే ఎక్కువ కాబట్టి పేరు రాయడం లేదు. వంట గురించి రెండు మాటల్లో తేల్చేస్తాను: రాగిసంగటి వేడిగా, ముద్ద చెదరకుండా వచ్చింది, నాటుకోడి పులుసులో కారం ఉంది, కారంతో పాటు రుచీ ఉంది, జొన్నరొట్టె మాత్రం రెండోసారి వెళ్లినప్పుడు ముందే కాల్చి పెట్టినట్టు బిరుసుగా ఉంది. వడ్డన కూడా పులుసు, చారు దాకా బాగానే నడిచింది. అడగకుండానే రెండో విడత పులుసు తెచ్చారు, పిల్లలకు కారం తగ్గించి వేరే గిన్నెలో ఇచ్చారు. చిక్కంతా ఆ తరువాతనే.

మొదటి ఆదివారం మేము అయిదుగురం వెళ్లాము. మాతో వచ్చిన మా పెద్దమ్మకు కట్టుడు పళ్లు. ఆమె నిదానంగా తింటుంది, చివరికి మజ్జిగన్నం తినకుండా లేవదు. పిల్లలు ముందుగా తినేసి చేతులు కడుక్కోవడానికి లేచారు. వాళ్లు కుర్చీలు వెనక్కి జరిపారో లేదో, ఒక కుర్రవాడు టబ్బు పట్టుకుని వచ్చి వాళ్ల పళ్లేలు తీయడం మొదలుపెట్టాడు. తీసుకుని వెళ్లిపోతే సరిపోయేది. అతను ఒక పళ్లెంలోని ఎముకలను, కరివేపాకును, తడిసిన ఆకుముక్కను మరో పళ్లెంలోకి చేత్తో ఊడ్చి, ఒకదాని మీద ఒకటి పేర్చి, ఆ తరువాత తడిగుడ్డతో బల్లను మా పెద్దమ్మ పళ్లెం అంచు దాకా తుడిచాడు. ఆమె తన పళ్లేన్ని ఎడమచేత్తో కొంచెం దగ్గరికి లాక్కున్నది. "అవ్వా, అయిపోయిందా?" అని అడిగాడు. "లేదు నాయనా, ఇంకా మజ్జిగ పోసుకోవాల" అన్నది. అతను టబ్బు కింద పెట్టి, ఆ చేతులతోనే మజ్జిగ గ్లాసు అందుకుని వచ్చి ఆమె ముందు పెట్టాడు.

ఆమె ఆ మజ్జిగ ముట్టలేదు. కుర్రవాడు నొచ్చుకుంటాడేమోనని ఏమీ అనలేదు కానీ, వడ్డించే చేయి వేరు, ఎంగిలి ఎత్తే చేయి వేరు అన్నది మన ఇళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలిసిన విషయం. ఇది మడి గురించిన పట్టింపు కాదు, శుభ్రత గురించినది. పెద్ద హోటళ్లలో తినేవారి ఎదుట పళ్లేల్లో మిగిలింది ఊడ్చకూడదని, పళ్లేలు పేర్చకూడదని, బల్ల దగ్గర అందరూ తినడం ముగించేదాకా ఏ ఒక్కరి పళ్లెమూ తీయకూడదని పనివాళ్లకు నేర్పుతారు. ఆ పాఠం మనకు బయటినుంచి వచ్చినదేమీ కాదు. మన పంక్తి భోజనాల్లో ఎవరి విస్తరి వాళ్లు ముగించినా పక్కవారు లేచేదాకా కూర్చునే ఉంటారు. మజ్జిగ వరుస నడుస్తుండగా ఆకులు ఎత్తే మనిషి ఆ వైపు రాడు. భోజనం మొదట్లో 'అమృతోపస్తరణమసి' అనే మంత్రం చెప్పి, అరచేతిలో నీళ్లు పుచ్చుకుని ఆపోశనం పట్టేవారు చివర 'అమృతాపిధానమసి' అని మళ్లీ పడతారు, అంటే మొదటికి ఎంత మర్యాద ఉందో ముగింపుకూ అంతే ఉన్నదన్నమాట.

యాజమాన్యం తరఫున కూడా ఒక మాట చెప్పాలి. ఆదివారం ఒంటిగంటకు ఆ హాలులో ప్రతి కుర్చీ వెనుకా ఇంకొకరు నిలబడి ఉంటారు. మా వెనుక నిలబడిన కుటుంబంలో ఒకాయన మా పెద్దమ్మ పళ్లెంలో ఇంకా ఎంత మిగిలిందో చూస్తున్నాడు. పనిచేసే పిల్లలకు పై నుంచి ఉన్న తొందర అర్థమవుతుంది. మనవాళ్లలోనూ తిన్న పళ్లెంలోనే చేయి కడిగేవారు, ముగించాక అరగంట ఫోన్లు చూసుకుంటూ కూర్చునేవారు ఉన్నారు. అయినా వేచి ఉండేవారిని తలుపు దగ్గర కుర్చీలు వేసి కూర్చోబెట్టి, పేరు రాసుకుని పిలిస్తే తినేవారి వీపు మీద చూపులు ఉండవు. ఇందుకు అయ్యే ఖర్చు నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక నోటు పుస్తకం.

ఇక బిల్లు. అడగకముందే, పెద్దమ్మ చేయి ఇంకా కంచంలో ఉండగానే, సోంపు గిన్నెతో పాటు తెచ్చి పెట్టారు. పక్కనే ఫోన్‌పే బొమ్మ ఉన్న అట్టముక్క. మూడు నాటుకోడి సంగటి భోజనాలు 780 రూపాయలు, రెండు శాకాహార భోజనాలు 380, రెండు గ్లాసుల మజ్జిగ 40, మొత్తం 1,200. దాని కింద 'సర్వీస్ చార్జి 5 శాతం' అని 60 రూపాయలు, ఆ 1,260 మీద 5 శాతం జీఎస్టీ 63 రూపాయలు, వెరసి 1,323. పన్ను మీద నాకు పేచీ లేదు. అది 1,200 మీద 60 రూపాయలు కావలసింది. సర్వీస్ చార్జి కలిపినందువల్ల పన్ను కూడా మూడు రూపాయలు పెరిగింది.

కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులై 4న ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం హోటళ్లు సర్వీస్ చార్జిని బిల్లులో తమంతట తాము కలపకూడదు, వేరే పేరుతో వసూలు చేయకూడదు, దాన్ని కలిపిన మొత్తం మీద జీఎస్టీ వేయకూడదు. ఇవ్వడమా మానడమా అన్నది తిన్నవారి ఇష్టం. హోటళ్ల సంఘాలు కోర్టుకు వెళ్లగా, 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలను సమర్థించింది. అడిగినా తీయకపోతే 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు చేయవచ్చు. నాకు ఆ అవసరం పడలేదు. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న ఆయన వాదించకుండా 1,260కి కొత్త బిల్లు తీసి ఇచ్చాడు. వాదన లేదంటే, ఆ పద్దు అడగనివారి కోసమే ఉన్నదని నా అనుమానం.

సర్వీస్ చార్జి వద్దన్నంత మాత్రాన టిప్పు వద్దని కాదు. ఒకప్పుడు చిల్లర సోంపు పళ్లెంలో తిరిగి వచ్చేది, అందులోంచి పదో ఇరవయ్యో అక్కడే వదిలేవాళ్లం. ఇప్పుడు ఫోనులో పైసాతో సహా లెక్క తేలిపోతుంది, వదలడానికి చిల్లరే ఉండదు. అందుకే వెళ్లేటప్పుడు జేబులో రెండు యాభై నోట్లు పెట్టుకోవడం అలవాటు చేసుకున్నాను. ఆ రోజు ఒకటి ఆ టబ్బు కుర్రవాడి చేతికే ఇచ్చాను, ఎందుకంటే చివర్లో అతను ఒక మంచి పని చేశాడు: పెద్దమ్మ వాష్‌బేసిన్ దాకా నడవలేదని గమనించి, ఎవరూ చెప్పకుండానే గోరువెచ్చని నీళ్లు, నిమ్మచెక్క వేసిన గిన్నె తెచ్చి ఆమె పక్కన పట్టుకుని నిలబడ్డాడు. ఆమె పళ్లెంలో పరిచిన అరిటాకును తన వైపు మడిచి పెడితే, "బాగాలేదా అవ్వా, కప్పేసినావు?" అని కంగారుపడ్డాడు. బాగుంటేనే అలా మడుస్తారని ఆమె నవ్వుతూ చెప్పింది.

బుధవారం మూడు గంటలకు వెళ్లినప్పుడు హాలు సగం ఖాళీ. పళ్లేలు అందరివీ ఒకేసారి తీశారు, బిల్లు అడిగాకే వచ్చింది, సర్వీస్ చార్జి పద్దు మాత్రం అలాగే ఉంది, మళ్లీ తీయించాను. పెద్దవాళ్లను తీసుకుని వెళ్లేవారు పని రోజుల్లో, రెండున్నర దాటాక వెళ్లండి; మజ్జిగ మాత్రం సంగటితో పాటు ముందే తెప్పించి పెట్టుకోండి.