లీచెస్‌లో ఏళ్ల తరబడి ఆడాక

ఫోను మార్చినప్పుడల్లా నేను ముందుగా ఎక్కించుకునే నాలుగైదు యాప్‌లలో లీచెస్ ఒకటి. చదరంగం యాప్‌లకు కొదవ లేదు. కళ్లు చెదిరే రంగులు, మాట్లాడే శిక్షకుల బొమ్మలు, గెలిచినప్పుడల్లా బాణసంచా పేల్చే యాప్‌లు కావలసినన్ని ఉన్నాయి. వాటి పక్కన పెడితే లీచెస్ మరీ సాదాగా కనిపిస్తుంది. అయినా ఇన్నేళ్లుగా దీన్ని వదలకపోవడానికి కారణం ఒక్కటే. ఓడిన ఆటను తిరిగి ముందేసుకుని, ఎక్కడ చెడిందో ఓపికగా చదువుకోవడానికి కావలసిన సరంజామా అంతా ఇందులో ఉంది, పైసా అడగకుండా ఉంది.

2010లో తిబో డుప్లెసి అనే ఫ్రెంచ్ ప్రోగ్రామర్ దీన్ని మొదలుపెట్టారు. ఇప్పుడిది లాభాపేక్ష లేని సంస్థగా, విరాళాల మీద నడుస్తోంది. ప్రకటనలు లేవు. సోర్సు కోడు అందరికీ అందుబాటులో ఉంటుంది, ఎవరైనా చదవవచ్చు, వాడుకోవచ్చు. విరాళం ఇచ్చినవారి పేరు పక్కన చిన్న రెక్క బొమ్మ వస్తుంది, అంతే. డబ్బు ఇచ్చినవారికి ఒక ఆట, ఇవ్వనివారికి ఒక ఆట అనే తేడా లేదు. రోజుకు ఒకటి రెండు ఆటలు ఉచితంగా విశ్లేషించి, ఆపైన చందా అడగడం మామూలైపోయిన ఈ రోజుల్లో ఇది చిన్న విషయం కాదు. నెలనెలా చందా కట్టలేని ఇంట్లో పిల్లవాడికి కూడా పెద్ద ఆటగాళ్లకు అందే పనిముట్లే అందుతాయి. నేను విరాళం ఇస్తున్నది ఆ ఒక్క కారణానికే.

ఇక అసలు సంగతి, విశ్లేషణ. ఆట ముగియగానే కోరితే మొత్తం ఆటను స్టాక్‌ఫిష్ అనే ఇంజిన్ (ఎత్తులను లెక్కగట్టే ప్రోగ్రాము) పరిశీలించి, ఎప్పుడు ఎవరిది పైచేయో చెప్పే ఒక గీతపటం చూపిస్తుంది. గీత ఎక్కడ ఒక్కసారిగా ఎదుటివారి వైపు జారిందో అక్కడే ఆట చేజారినట్లు. మన ఎత్తుల్లో చిన్న లోపాలేవి, తప్పులేవి, ఘోరమైన తప్పులేవి అని విడదీసి చెబుతుంది. ఈ లెక్కలన్నీ ఒకచోటే జరగవు. లోకమంతటా ఉన్న స్వచ్ఛంద సేవకులు తమ కంప్యూటర్ల శక్తిని ఇందుకు అరువిస్తారు. ఊరూ పేరూ తెలియని మనిషి కంప్యూటర్ నా ఓటమిని పరిశీలిస్తోందన్న మాట తలచుకుంటే ఇప్పటికీ సంతోషంగా ఉంటుంది.

అయితే ఈ గీతపటాన్ని వెంటనే తెరవకూడదన్నది నా గట్టి అభిప్రాయం. ముందు ఇంజిన్ ఆపేసి, ఆటను మొదటి నుంచి ఒక్కో ఎత్తూ జరుపుకుంటూ వెళ్లాలి. ఏ ఎత్తు దగ్గర మనసు తడబడింది, ఎదుటివారి ఏ ఎత్తును ముందుగా ఊహించలేదు, ఏ పావు ఆట మొత్తంలో కదలకుండా మూలన పడి ఉంది, ఇవన్నీ మనమే గుర్తుపెట్టుకోవాలి. ఆ తర్వాత ఇంజిన్ తెరవాలి. అప్పుడు అది చెప్పే జవాబు మన ప్రశ్నకు జవాబవుతుంది. ముందే తెరిస్తే అది కేవలం ఒక అంకె. తెల్లకు ఒక బంటుకు పైగా మొగ్గు ఉందని ఇంజిన్ ‘ప్లస్ 1.3’ అంటుందే తప్ప ఎందుకో చెప్పదు. ఆ ‘ఎందుకు’ కావాలంటే, మనకు నచ్చిన ఎత్తును బల్ల మీద వేసి చూడాలి, దానికి ఇంజిన్ ఇచ్చే పైఎత్తును చూడాలి, మళ్లీ ఇంకొకటి వేయాలి. నాలుగైదు ఎత్తుల లోపే, మన గుర్రానికి వెనక్కి వెళ్లే గడి లేకపోవడమో, ఏనుగుకు దారి మూసుకుపోవడమో కళ్లకు కడుతుంది. వాక్యాల్లో వివరించే యాప్‌లు ఉన్నాయి, కానీ ఇలా వేళ్లతో తవ్వి తీసుకున్నదే నాకు నిలిచింది.

ఆట చివరి దశలో ఇంకో అద్భుతం ఉంది. బల్ల మీద ఏడు పావులు, అంతకంటే తక్కువ మిగిలితే ఇక అంచనాలు ఉండవు. ఆ స్థితులన్నిటికీ ముందే లెక్కగట్టి పెట్టిన పట్టికలు ఉన్నాయి. ఏ ఎత్తు గెలుపు, ఏది డ్రా, ఏది ఓటమి అన్నది కచ్చితంగా కనిపిస్తుంది. ఒక చిన్న అమరిక పేర్చి చూడండి. గళ్ల పేర్లలో అక్షరం నిలువు వరుసది (తెల్లపావుల వైపు నుంచి చూస్తే ఎడమ నుంచి ఎ మొదలు హెచ్ దాకా), అంకె అడ్డు వరుసది (తెల్లపావుల వైపు నుంచి 1 మొదలు 8 దాకా). తెల్ల రాజు డి6లో, తెల్ల బంటు ఇ6లో, నల్ల రాజు డి8లో. ఈ మూడు పావులే. ఎత్తు నల్లవారిదైతే తెల్ల గెలుస్తుంది. నల్ల రాజు ఇ8కి జరిగితే బంటు ఇ7కి వస్తుంది, నల్ల రాజుకు ఎఫ్7 తప్ప గతి లేదు, తెల్ల రాజు డి7లో దిగుతుంది, ఇక ఆ బంటు మంత్రి కాకుండా ఎవరూ ఆపలేరు. నల్ల రాజు సి8 వైపు పోయినా బంటు నేరుగా నడిచిపోతుంది. అదే అమరికలో ఎత్తు తెల్లవారిదైతే కథ మారిపోతుంది. బంటును ఇ7కి తోస్తే చెక్, కానీ నల్ల రాజు ఇ8లో అడ్డంగా నిలబడుతుంది. బంటును వదలకుండా తెల్ల రాజు కదలగలిగే గడి ఇ6 ఒక్కటే. అక్కడికి వస్తే నల్ల రాజుకు చెక్ ఉండదు, కదిలే చోటూ ఉండదు, ఆట డ్రా. వేరే వైపు పోతే బంటు పోతుంది, అదీ డ్రాయే. ఒక్క పావు కూడా మారలేదు, మారింది వంతు మాత్రమే. పుస్తకంలో చదివినప్పుడు తలకెక్కనిది, ఈ అమరికను యాప్‌లో పేర్చి రెండు వైపులా నేనే ఆడి చూసుకున్నాక పట్టుబడింది.

పజిళ్ల విభాగం చాలామందికి తెలిసినదే. అవన్నీ లీచెస్‌లో మామూలు మనుషులు ఆడిన ఆటల నుంచి తీసినవి. పరిష్కరించాక అసలు ఆటను తెరిచి, ఆ ఆటగాడు ఆ ఎత్తును పట్టుకున్నాడో వదిలేశాడో చూడవచ్చు. ఒకే ఎత్తుతో రెండు పావుల మీద దాడి, కట్టిపడేసిన పావు, వెనుక వరుసలో ఆటకట్టు, ఇలా అంశాల వారీగా సాధన చేసుకోవచ్చు. మూడు నిమిషాల్లో వీలైనన్ని పరిష్కరించే స్టార్మ్ కూడా ఉంది. దానికి నేను దూరం. పజిల్ కనబడగానే ఇక్కడేదో ఉందని మనకు ముందే తెలిసిపోతుంది. అసలు ఆటలో ఆ మాట చెవిలో ఎవరూ చెప్పరు. అందుకే పజిళ్లలో రేటింగు (ఆటగాడి స్థాయిని చూపే అంకె) పెరిగినా ఆటలో పెరగడం లేదని బాధపడేవారికి నా సలహా ఒకటే: పజిళ్లు సగానికి తగ్గించి, మిగిలిన సమయంలో ఒక నిదానమైన ఆట ఆడండి.

నిదానం అన్నాను కదా, ఇక్కడే ఈ యాప్‌లో పెద్ద ప్రలోభం ఉంది. తెరవగానే నిమిషం ఆట, మూడు నిమిషాల ఆట, అయిదు నిమిషాల ఆట వరుసగా కనిపిస్తాయి. ఒకటి నొక్కితే క్షణాల్లో ప్రపంచంలో ఏదో మూల నుంచి ప్రత్యర్థి దొరుకుతాడు. ఓడితే వెంటనే ఇంకొకటి, గెలిస్తే ఇంకొకటి. రాత్రి పదకొండు గంటలకు మొదలుపెట్టినది ఎప్పుడు ఆగుతుందో చెప్పలేం, మర్నాడు ఆ ఆటల్లో ఒక్క ఎత్తు కూడా గుర్తుండదు. యాప్ మనల్ని బలవంతం చేయదు, ‘ఇంకా రాలేదేం’ అని గుచ్చి గుచ్చి పిలవదు. పగ్గం మన చేతిలోనే ఉంటుంది. పదిహేను నిమిషాలు, ఎత్తుకు పది సెకన్లు అదనం, ఈ గడువు నాకు సరిపోయింది. ఆలోచించడానికి తీరిక ఉంటుంది, గడియారం భయమూ ఉంటుంది.

రేటింగు గురించి కూడా చెప్పాలి. కొత్త ఖాతాకు 1500తో మొదలవుతుంది, పక్కన ప్రశ్నార్థకం ఉంటుంది. కొన్ని ఆటలు ఆడితే ఆ గుర్తు పోయి అంకె స్థిరపడుతుంది. మా అపార్ట్‌మెంట్ పిల్లలు తమ అంకెను పెద్ద ఆటగాళ్ల అంకెతో పోల్చుకుంటూ ఉంటారు. వరంగల్‌కు చెందిన అర్జున్ ఎరిగైసి 2024 డిసెంబరు జాబితాలో 2800 దాటినది ప్రపంచ చదరంగ సమాఖ్య అయిన ఫిడే రేటింగులో. ఆ కొలత వేరు, లీచెస్ కొలత వేరు. రెండూ ఒక తక్కెడలో తూగవు. అంకె మీద ధ్యాస ఎక్కువైతే సెట్టింగులలో రేటింగులను పూర్తిగా కనబడకుండా చేసుకోవచ్చు. నేను అలాగే చేశాను. ఎదుటివారి అంకె చూసి భయపడటం, చులకన చేయడం రెండూ తగ్గాయి.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది రోజుల గడువుతో ఆడే ఆట. ఒక్కో ఎత్తుకు ఒకటి నుంచి పద్నాలుగు రోజుల దాకా గడువు పెట్టుకోవచ్చు. నాన్న తెనాలిలో, నేను పుణెలో. ఆయన చిన్నప్పుడు అరుగు మీద నేర్చుకున్నది పాత పద్ధతి. బంటు ఒక్క గడే నడుస్తుంది, క్యాస్లింగ్ (రాజు, ఏనుగు ఒకే ఎత్తులో కదలడం) లేదు, రాజు ఆటలో ఒకసారి గుర్రంలా దూకవచ్చు. యాప్‌లో ఉన్న చిన్న చిన్న పాఠాలతో కొత్త నియమాలు ఆయనే నేర్చుకున్నారు. ఒకరోజు పొద్దున్నే ఫోను.

‘‘ఒరేయ్, నా బంటు ఉన్న గడికి నీ బంటు రానే లేదు. మరి ఎలా చంపావురా?’’

‘‘మీరు రెండు గళ్లు నడిపారు కదా నాన్నా. ఒక్క గడే నడిపి ఉంటే ఎలా చంపేవాణ్నో, అలాగే చంపాను. నియమం ఉంది, కానీ ఆ అవకాశం ఆ వెంటనే వేసే ఎత్తుకు మాత్రమే.’’

‘‘అయితే ఈసారి నాకూ పనికొస్తుంది’’ అని పెట్టేశారు. ఆ తర్వాతి ఆటలో నిజంగానే నా మీద ప్రయోగించారు. ఇద్దరం రోజూ మాట్లాడుకుంటున్నాం, ఆ మాటలకు బల్ల ఒక ఆధారమైంది.

పెద్ద పోటీలు జరిగేటప్పుడు ఎత్తులను ప్రత్యక్షంగా చూపించే విభాగం కూడా ఉంది. 2025 జులైలో జార్జియాలోని బటూమిలో జరిగిన మహిళల ప్రపంచ కప్ ఫైనల్‌లో కోనేరు హంపి, దివ్య దేశ్‌ముఖ్ తలపడినప్పుడు నేను ఇంజిన్ ఆపేసుకుని చూశాను. హంపి తర్వాత ఏ ఎత్తు వేస్తారో నేనే ఊహించుకుంటూ కూర్చోవడం వేరే అనుభవం. ఎక్కువ గడువుండే రెండు క్లాసికల్ ఆటలూ డ్రా అయ్యాక, తక్కువ గడువుండే ర్యాపిడ్‌లో దివ్య కప్పు గెలుచుకున్నారు. హంపి ఓడినందుకు బాధ కలిగింది, కానీ ఇంజిన్ గీత చూస్తూ ‘అయ్యో తప్పు వేసింది’ అని తీర్పులు చెప్పేవారి కంటే ఆ స్థితి ఎంత కష్టమైనదో నాకు బాగా తెలిసింది.

చిన్న చిన్న ఇబ్బందులు లేకపోలేదు. ఫోనులోనే ఇంజిన్ నడిపితే వేడెక్కుతుంది, బ్యాటరీ గబగబా దిగుతుంది. పెద్ద విశ్లేషణకు కంప్యూటరే మేలు. నెట్ తెగితే గడియారం ఆగదు, కాబట్టి రైల్లో నిమిషం ఆటలు వద్దు. ఇంజిన్ సాయంతో మోసం చేసేవారు అప్పుడప్పుడూ తగులుతారు. దొరికితే ఖాతాకు గుర్తు వేసి, మనం పోగొట్టుకున్న పాయింట్లు తిరిగి ఇస్తారు. పిల్లలకు ఇచ్చేముందు కిడ్ మోడ్ తప్పక పెట్టండి, అప్పుడు అపరిచితులతో సంభాషణలన్నీ మూసుకుపోతాయి.

ఇప్పుడు నేను ఎక్కువగా వాడుతున్నది స్టడీ అనే విభాగం. అధ్యాయాలుగా బల్లలు పేర్చి, ప్రతి ఎత్తు పక్కన మన మాటల్లో వివరణ రాసుకోవచ్చు, బాణాలు గీయవచ్చు, లింకు పంపిస్తే ఇతరులూ చదవవచ్చు. మా అపార్ట్‌మెంట్‌లోని తెలుగు పిల్లల కోసం రాజు, బంటు ముగింపుల మీద తెలుగులో ఒకటి రాస్తున్నాను. పైన చెప్పిన డి6, ఇ6 అమరికే మొదటి అధ్యాయం. ఏనుగు ముగింపులు ఇంకా మొదలుపెట్టలేదు, వాటికి నాన్న ఆటల నుంచే ఉదాహరణలు తీసుకోవాలని ఉంది.