తొమ్మిదేళ్ళు 25 పౌండర్ వెనక కూర్చున్నాక

1967 నుంచి 1976 దాకా నేను సైన్యంలో 25 పౌండర్ గన్ను మీద, అంటే 25 పౌండ్ల గుండు పేల్చే బ్రిటిష్ ఫిరంగి మీద పనిచేశాను. ఆరేళ్ళు గురి చూసే లేయర్‌ని, అంటే గన్ను జట్టులో నంబర్ 3. గన్నుకి ఎడమ పక్క చిన్న సీటు మీద కూర్చుని, గురి చూసే పరికరం డయల్ సైట్‌లో కన్ను పెట్టి గురి కుదర్చడం నా పని. తర్వాత మూడేళ్ళు జట్టు నాయకుడిగా, అంటే నంబర్ 1గా, గన్ను మొత్తం నా చేతికిచ్చారు. దీని రేంజెంత, బరువెంత అని చెప్పే పట్టికలు చాలాచోట్ల దొరుకుతాయి. దాంతో పనిచేసినవాడి మాట మాత్రం తక్కువగా కనిపిస్తుంది.

నాకు అన్నిటికన్నా నచ్చింది ముందే చెప్పేస్తాను. గుండు పేల్చాక సైట్‌లో చూస్తే గురికి గుర్తుగా దూరంగా పాతిన కర్ర, ఎయిమింగ్ పోస్ట్, ఇంచుమించు ఉన్నచోటే కనిపించేది. బ్యారెల్ అర మీటరుకు పైగా వెనక్కి దూసుకొచ్చి, మెత్తగా ముందుకెళ్ళి, తన చోట కూర్చునేది. సీటులో నేను మాత్రం కదిలేవాణ్ణి కాను. చక్రం కొద్దిగా తిప్పి గీతను పోస్ట్ మీదికి తెచ్చి "రెడీ" అంటే చాలు. ఇంకో గుండుకి సిద్ధం.

గోల్కొండ ఆర్టిలరీ సెంటర్‌లో ట్రైనింగ్‌కి వచ్చినప్పుడు మా ఉస్తాద్ దీన్ని సైకిల్ పంపుతో చెప్పాడు. పంపు మూతికి బొటనవేలు అడ్డంపెట్టి పిడి నొక్కమన్నాడు. నొక్కి వదిలితే పిడి తనంతట తనే వెనక్కి వచ్చింది. బ్యారెల్ జారడానికి దాని కింద ఉన్న తొట్టి, క్రేడిల్‌లో జరిగేది ఇదే, కాకపోతే అక్కడ గాలితో పాటు నూనె కూడా ఉంటుంది. సన్నటి దారిలోంచి నూనె తోసుకుపోతూ దెబ్బ వేగాన్ని చంపుతుంది, నొక్కుకుపోయిన గాలి బ్యారెల్‌ను తిరిగి ముందుకు నెడుతుంది. ఆ రోజు సాయంత్రం కోటలో పెట్ల బురుజు మీదికెక్కి ఫతే రహ్‌బర్ ఫిరంగి చూశాను. 1687 ముట్టడిలో ఔరంగజేబు సైన్యం వాడిన ఫిరంగి అది. నూనె లేదు, గాలి లేదు. అలాంటిది పేలినప్పుడల్లా దెబ్బంతా దిమ్మె మీదా నేల మీదా పడుతుంది, గురి మళ్ళీ మొదటినుంచి కుదర్చుకోవాలి.

ఈ పద్ధతిని యుద్ధభూమికి నిజంగా పనికొచ్చేలా చేసింది ఫ్రెంచివాళ్ళు, వాళ్ళ 1897 మోడల్ 75 మిల్లీమీటర్ల గన్నుతో. పారిస్ పక్కన ప్యూటో ఆయుధశాలలో డెపోర్ అనే అధికారి మొదలుపెట్టాడు. ఆయన 1894లో సైన్యం వదిలి వెళ్ళాక సెంట్ క్లేర్ డెవిల్, రిమేలో అనే ఇద్దరు కెప్టెన్లు పూర్తిచేశారు. బ్యారెల్‌ను దూరం వెనక్కి జారనివ్వాలన్న ఆలోచన నిజానికి కాన్‌రాడ్ హౌస్నర్ అనే జర్మన్ ఇంజనీరుది. తను పనిచేస్తున్న క్రుప్ కంపెనీలో దానికి ఆదరణ దొరకలేదు. జర్మన్ సైన్యం 1896లో తీసుకున్న 77 మిల్లీమీటర్ల గన్నులో ఆ ఏర్పాటే లేదు, మరుసటి ఏడాది ఫ్రెంచి గన్ను రాగానే అది పాతబడిపోయింది. కొన్నేళ్ళకు దాన్ని విప్పి మళ్ళీ కట్టుకోవలసి వచ్చింది.

ఫ్రెంచి 75 బ్యారెల్ పేలినప్పుడల్లా 1.2 మీటర్లు వెనక్కి జారి వచ్చేది. చక్రాలూ, వెనక నేలకి ఆనే తోక లాంటి ట్రైలూ కదలవు. గుండూ, మందు నింపిన గొట్టం కార్ట్రిడ్జీ ఒకటిగా బిగించి ఉండేవి కాబట్టి నిమిషానికి 15 గుండ్లు పేల్చడం వాళ్ళకి మామూలు. ఇరవై వేలకు పైగా తయారయ్యాయి. 1914లో ఫ్రాన్స్‌లోని మార్న్ నది దగ్గర జర్మన్లను ఆపినప్పుడు అవే ముందున్నాయి. తర్వాత అమెరికా అధ్యక్షుడైన ట్రూమన్ కూడా మొదటి ప్రపంచ యుద్ధంలో కెప్టెన్‌గా ఈ గన్నుల దళాన్నే (బ్యాటరీ) నడిపాడు. ఆ గన్ను లోపం, సైనికులు ట్రెంచిల్లో, అంటే కందకాల్లో, దాక్కుని పోరాడిన కాలంలో బయటపడింది. బ్యారెల్ 18 డిగ్రీలకు మించి లేచేది కాదు. గుండు నేలకి చదునుగా పోతుంది తప్ప, పైనుంచి గుంతలో పడదు.

హౌస్నర్ తర్వాత ఎర్‌హార్ట్ అనే జర్మన్ తయారీదారు దగ్గరికి చేరాడు. దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధంలో దెబ్బతిన్న బ్రిటిష్‌వాళ్ళు ఆ ఎర్‌హార్ట్ దగ్గరే 108 గన్నులు గుట్టుగా కొన్నారు. కొద్ది కాలానికే 1904లో వాళ్ళ సొంత 18 పౌండర్ వచ్చింది. 25 పౌండర్ దాని వారసురాలు. మొదటివి ఏకంగా 18 పౌండర్ బండ్ల మీదే బిగించారు, వాటిలో చాలా 1940లో ఫ్రాన్స్‌లో వదిలేసి రావలసి వచ్చింది. 1944లో ఇంఫాల్, కోహిమా కొండల్లో గర్జించిన గన్ను, మా చేతికొచ్చిన గన్ను ఒకటే రకం.

ఫ్రెంచి గన్ను లోపాన్ని మా గన్ను ఎలా సరిదిద్దిందో చేత్తో పనిచేసినవాడికి బాగా తెలుస్తుంది. బ్యారెల్ 45 డిగ్రీలు లేస్తుంది. గుండు వేరు, ఇత్తడి కార్ట్రిడ్జి వేరు. కార్ట్రిడ్జిలో ఎరుపు, తెలుపు, నీలం సంచుల్లో మందు ఉంటుంది. కొండ అవతలి వాగులో పడాలంటే నీలం సంచి తీసేస్తాం, ఇంకా దగ్గరైతే తెల్లదీ తీసేస్తాం. దూరానికి సూపర్ చార్జి, అంటే ఇంకా ఎక్కువ మందు, వేరే ఉంది, దాంతో 12 కిలోమీటర్లు దాటుతుంది. ఇందుకు చెల్లించిన ధర వేగం. నిమిషానికి ఐదు గుండ్లు నిలకడగా కొడతాం, అవసరమైతే కొద్దిసేపు ఇంకా ఎక్కువ. నంబర్ 2 తోపుడు కర్ర రామర్‌తో గుండును తోస్తే, దాని రాగి పట్టీ బ్యారెల్ లోపలి మెలిక గాడుల్లో (రైఫ్లింగ్) కరుచుకున్న చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు సరిగ్గా లేకపోతే చీకట్లో కూడా నాకు తెలిసేది.

రెండో గొప్ప గుణం కింద ఉండే గుండ్రటి ప్లాట్‌ఫాం. ప్రయాణంలో ట్రైల్ కింద వేలాడుతుంది. పొజిషన్‌కి రాగానే దించి గన్నును దాని మీదికి ఎక్కిస్తాం. 1971 డిసెంబరులో పశ్చిమ సరిహద్దులో ఒక రాత్రి, ఎదురుగా కొడుతూ ఉండగా బాగా కుడికి తిప్పమని ఆర్డరొచ్చింది. బండి మీద బ్యారెల్ అటు నాలుగు డిగ్రీలు, ఇటు నాలుగు డిగ్రీలే తిరుగుతుంది. ప్లాట్‌ఫాం లేకపోతే నేల తవ్వుకోవాలి. మాలో ఇద్దరం ట్రైల్ పట్టుకుని తిప్పేశాం, గన్ను మంచె మీద బొంగరంలా తిరిగింది. ఆ రాత్రి మా వైపు పదాతి దళం ముందుకెళ్ళగలిగిందంటే అందులో ఆ ఇనప చక్రం వాటా ఉందని ఇప్పటికీ నమ్ముతాను.

లోపాలు కూడా నిక్కచ్చిగా చెప్పాలి. గుండు 11 కిలోల పైచిలుకు, అందులో పేలుడు మందు కిలో కూడా ఉండదు. మట్టి మోర్చాకి సరిపోతుంది, కాంక్రీటు బంకర్ దగ్గర చేతులెత్తేస్తుంది. అప్పటికే మన సైన్యంలో ఉన్న రష్యన్ 130 మిల్లీమీటర్ల గన్ను 27 కిలోమీటర్లు కొడుతుంటే, మాది అందులో సగం దూరం కూడా వెళ్ళేది కాదు. ఇంకోటి మజిల్ బ్రేక్. ఉత్తర ఆఫ్రికాలో టాంకుల్ని ఎదురుగా కొట్టాల్సి వచ్చినప్పుడు, అందుకు వాడిన బలమైన చార్జిని బండి తట్టుకోవడానికి బ్యారెల్ మూతికి దాన్ని తగిలించారు. అది పేలుడు గాలిని మా మీదికే మళ్ళించేది. చెవిలో దూది తప్ప ఇంకేం ఉండేది కాదు. బ్యారెల్ వైపున్న నా కుడి చెవికి ఇప్పుడు మనవరాలి మాట వినపడదు.

2023 రిపబ్లిక్ డే రోజు టీవీ ముందు కూర్చున్నాను. ఇరవై ఒక్క గుండ్ల వందనానికి అన్నేళ్ళుగా వాడిన 25 పౌండర్లను పక్కనపెట్టి, మన దేశంలోనే తయారైన 105 మిల్లీమీటర్ల గన్నులు పెట్టారు. సరైన పనే, దూరంలోనూ గుండు బరువులోనూ కొత్తదే మేలు.

కంటోన్మెంట్ గేట్ల దగ్గర రంగులేసి నిలబెట్టిన 25 పౌండర్ ఎప్పుడైనా కనిపిస్తే బ్యారెల్ మూతి దగ్గరే ఆగిపోకండి. వంగి బ్యారెల్ కింద క్రేడిల్ చూడండి, ట్రైల్ కింద ప్లాట్‌ఫాం ఉందేమో చూడండి. తర్వాత ఎడమ పక్కకి రండి, ఆ చిన్న సీటు అక్కడే ఉంటుంది.