ఆకాశవాణి ట్యూన్ వెంట బొంబాయికి, మధ్యలో 700 రూపాయల బొక్క

మా నాన్న ఫోన్ రింగ్‌టోన్ ఆకాశవాణి సిగ్నేచర్ ట్యూన్. తంబూరా శ్రుతి మీద శివరంజని ఛాయలో సాగే ఆ వయొలిన్. అది కట్టింది వాల్టర్ కౌఫ్‌మన్ అనే యూదుడని చాలామంది చెబుతారు. ఆ సంగతి చదివినప్పట్నుంచీ బొంబాయిలో ఆయన ఉన్న వీధి చూపించమని నాన్న ఒకటే పోరు.

హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్‌లో హాయిగా వెళ్లాం. తెల్లారకముందే దిగాం.

స్టేషన్ దగ్గర లాడ్జికి 1,900 ముందే కట్టేశాను. ఫోన్ చేస్తే "ఎప్పుడైనా రండి" అన్నవాడే, తీరా వెళ్లాక పన్నెండులోపు గది కావాలంటే ఇంకో 700 అన్నాడు. 74 ఏళ్ల మనిషి మోకాళ్లు పట్టుకుని కుర్చీలో కూలబడ్డారు. ఇంతలో అమ్మ ఫోన్. ట్యూన్ పూర్తిగా అయితే గానీ నాన్న ఎత్తరు. కౌంటర్ కుర్రాడు "ఆవాజ్ కమ్ కరో" అని కసిరాడు. అంతే, నాన్న మూడ్ పోయింది. 700 కట్టాను, రసీదు లేదు. వేడినీళ్లు బకెట్ 40. కిటికీ తీస్తే కింది హోటల్ పోపు ఘాటు. పొద్దున్నే దిగే రైలైతే గది తీసుకోకండి. స్టేషన్ వెయిటింగ్ హాలే నయం.

కయానీ అనే ఇరానీ కేఫ్‌లో బన్ మస్కా, ఇరానీ చాయ్ ఇద్దరికీ 220. ఛార్మినార్ దగ్గరి చాయ్ ఇంకా చిక్కగా ఉంటుందని వాదిస్తూనే నాన్న రెండో కప్పు చెప్పారు. అక్కడ కాస్త మామూలు మనిషయ్యారు.

అక్కణ్నుంచి టాక్సీలో వార్డెన్ రోడ్డుకి 190. ఇప్పుడది భూలాభాయ్ దేశాయ్ రోడ్డు. ఇప్పటి చెక్ దేశంలోని కార్ల్స్‌బాద్‌లో 1907లో పుట్టిన కౌఫ్‌మన్ నాజీల భయంతో 1934లో బొంబాయి వచ్చి, ఈ దారి పక్కనే ఒక మేడలో ఉన్నాడు. వీసా తేలిగ్గా దొరికిందని వచ్చాడట. మన సంగీతం మొదట అస్సలు ఎక్కలేదు. ఇంతమంది ప్రేమించే సంగీతంలో లోపం ఉండదు, తన చెవిలోనే ఉందనుకుని నేర్చుకోవడానికి కూర్చున్నాడు. ఆ బుద్ధి నాకు భలే నచ్చింది. చాంబర్ మ్యూజిక్ (చిన్న బృందం వాయించే పాశ్చాత్య సంగీతం) సొసైటీ పెట్టి గురువారాల్లో కచేరీలు చేశాడు. 1937 నుంచి 1946 దాకా రేడియోలో పాశ్చాత్య సంగీత విభాగం చూసుకున్నాడు. తర్వాత కెనడాలో విన్నిపెగ్ ఆర్కెస్ట్రా, చివరికి అమెరికాలో బ్లూమింగ్టన్. 1984లో అక్కడే పోయాడు. దక్షిణాది రాగాల మీద లావుపాటి పుస్తకం రాశాడు. ఆయన సొంత రచనలు మాత్రం ఎవరికి గుర్తు?

గంటసేపు తిరిగాం. ఆయన పేరున్న బోర్డు ఒక్కటీ మాకు కనబడలేదు. వాచ్‌మన్లని అడిగితే "కౌన్?" అన్నారు. చివరికి ఒకతనికి నాన్న రింగ్‌టోన్ వినిపించారు.

"అరే, యే తో రేడియోవాలా!" అంటూ అతను తన స్టూలు నాన్నకి వేశాడు.