అప్‌వర్క్‌లో ఏళ్ల తరబడి పని చేశాక: విజయవాడ డీటీపీ పని నుంచి విదేశీ క్లయింట్ల వరకు

అప్‌వర్క్ అంటే పని ఇచ్చేవారినీ సొంతంగా పని చేసుకునేవారినీ కలిపే ఆన్‌లైన్ వేదిక. దానికి నేను కమీషన్ ఇచ్చేది రెండు పనులకు. పని ఎక్కడుందో చూపించినందుకు, చేసిన పనికి డబ్బు మునిగిపోకుండా కాపాడినందుకు. ఆ రెండూ అది బాగానే చేస్తుంది. క్లయింటును ఒప్పించే భారం మాత్రం మొత్తం మనదే. ఇది తెలియకుండా ఖాతా తెరిచి, నెల తిరక్కముందే విసిగిపోయిన పిల్లలను విజయవాడలోనూ గుంటూరులోనూ చాలామందిని చూశాను. వాళ్లలో పనిమంతులు ఉన్నారు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మాది ప్రెస్సుల పని. సూర్యారావుపేట, గవర్నర్‌పేటల్లో పేజీలు కట్టే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ మీద అను తెలుగు ఫాంట్లతో శుభలేఖలు, కరపత్రాలు, గైడ్లు, కథల పుస్తకాలు కట్టిన చేతులు నావి. తర్వాత దాని స్థానంలో వచ్చిన ఇన్‌డిజైన్, ఏ కంప్యూటర్‌లోనైనా చదవగలిగే యూనికోడ్ తెలుగు నేర్చుకున్నాను. ఆన్‌లైన్‌లో నేను అమ్ముకున్నది కూడా ఈ పనినే, కొత్తగా ఏ కోర్సూ చేయలేదు. విజయవాడ ప్రెస్సుల్లో తెలుగు పేజీ కట్టగలిగినవారు వీధికొకరు ఉంటారు. అదే బోస్టన్‌లోనో లండన్‌లోనో కూర్చున్న అనువాద సంస్థకు అలాంటి మనిషి దొరకడం కష్టం. కొత్తగా వచ్చేవారు డేటా ఎంట్రీ, లోగోలు, టైపింగ్, వెబ్‌సైట్లు అన్నీ చేస్తామని రాస్తారు. అలాంటి ప్రొఫైళ్లు అక్కడ లెక్కలేనన్ని. ‘భారతీయ భాషల్లో పేజీ లేఅవుట్, తెలుగు ప్రత్యేకం’ అని నా ప్రొఫైల్ పైన ఒక్క వాక్యం ఉంది. దాని వల్ల నాకు కనిపించే పనులు తగ్గాయి, జవాబులు పెరిగాయి.

నాకు మొదటి క్లయింటు దొరికిన తీరు చెబితే మిగతాది సులువుగా అర్థమవుతుంది. ఒక విదేశీ అనువాద సంస్థ రోగులకు ఇచ్చే తెలుగు కరపత్రం సరిచేయాలని ప్రకటన పెట్టింది, నమూనా పేజీ కూడా జత చేసింది. అందులో ‘రక్తస్రావం’ అన్న మాట ‘రక్‌తస్‌రావం’ అని పడింది. ఒత్తులన్నీ విడిపోయి పక్కన నిలబడ్డాయి, వాటి ముందు అక్షరాలు పొల్లులయ్యాయి. తెలుగు రానివారు ఎవరో ఇన్‌డిజైన్‌లో అక్షరాలు అతికించారని చూడగానే తెలిసింది. ఆ సాఫ్ట్‌వేర్‌లో అక్షరాలను పంక్తిలో పేర్చే అమరికను కంపోజర్ అంటారు. మామూలు కంపోజర్‌తో మన ఒత్తులు కుదరవు, వరల్డ్ రెడీ కంపోజర్‌కు మార్చాలి. నేను ఆ పేజీలోంచి ఒక్క పంక్తి తీసుకుని సరిచేశాను. తప్పు పంక్తి పైన, సరైన పంక్తి కింద పెట్టి బొమ్మగా జత చేశాను. ‘మీ పేజీలో అక్షరాలు విరిగిపోయాయి, తెలుగు రోగి దీన్ని చదవలేడు, కారణం ఇది, సరిచేస్తే ఇలా ఉంటుంది’ అని రాశాను. ఆ రాత్రే జవాబు వచ్చింది. నా అనుభవం ఎంత, ఏం చదివాను అని వాళ్లు అడగనేలేదు.

అందుకే ప్రపోజల్‌లో, అంటే పని అడుగుతూ క్లయింటుకు రాసే ఉత్తరంలో, ‘గౌరవనీయులైన అయ్యా, నేను కష్టపడి పనిచేసే మనిషిని’ అని మొదలుపెట్టవద్దని అందరికీ చెబుతాను. క్లయింటుకు జాబితాలో ముందు కనిపించేది మన ఉత్తరంలో మొదటి రెండు పంక్తులే. వాటిలో అతని సమస్య ఉండాలి. పైగా ప్రతి ప్రపోజల్‌కూ కనెక్టులు, అంటే అప్‌వర్క్ దగ్గర కొనుక్కునే టోకెన్లు, ఖర్చవుతాయి. ఒక్కో కనెక్టు 15 సెంట్లు, ఒక్కో పనికి అవి చాలానే అడుగుతారు. ఒకే ఉత్తరం కరపత్రంలా పంచుకుంటూ పోతే సంపాదన మొదలుకాకముందే డబ్బు కరిగిపోతుంది. చేతిలో డబ్బు లేని కొత్తవారి మీద ఇది బరువే. ఈ పద్ధతి నాకు నచ్చదు. పంపే ముందు చెల్లింపు పద్ధతి ధ్రువీకరించారా, ఇంతకుముందు ఎంతమందికి పని ఇచ్చారు, ఎంత ఖర్చు పెట్టారు అన్నవి చూడండి. ఇవన్నీ ప్రకటన పక్కనే ఉంటాయి.

ఇక డబ్బు సంగతి. 2023 మే వరకు ఒక్కో క్లయింటు దగ్గర మొదటి 500 డాలర్లకు 20 శాతం కమీషన్ కోసేవారు, తర్వాత మొత్తం పెరిగేకొద్దీ తగ్గేది. ఆ నెల నుంచి అందరికీ 10 శాతం చేశారు. 2025 మే నుంచి కొత్త కాంట్రాక్టులకు పనిని బట్టి సున్నా నుంచి 15 శాతం దాకా ఉంటోంది. పది శాతం అనుకుని లెక్క వేద్దాం. వంద డాలర్ల పనికి కమీషన్ పది డాలర్లు. జీఎస్టీ నంబరు లేకపోతే ఆ కమీషన్ మీద 18 శాతం జీఎస్టీ, అంటే ఒక డాలరు 80 సెంట్లు. పాన్ ఇచ్చి ఉంటే టీడీఎస్, అంటే ముందుగానే కోసే ఆదాయపు పన్ను, మొత్తం మీద 0.1 శాతం, పది సెంట్లు. మిగిలేది 88 డాలర్ల పది సెంట్లు. బ్యాంకుకు పంపుకునేటప్పుడు చిన్న రుసుము, రూపాయల్లోకి మార్చేటప్పుడు ఇంకొంచెం పోతుంది. ధర చెప్పేటప్పుడే ఈ కోతలన్నీ కలుపుకుని చెప్పాలి. పాన్ నమోదు చేయకపోతే టీడీఎస్ ఎక్కువగా కోస్తారు, కాబట్టి ఖాతా తెరిచిన రోజే ఆ పని ముగించండి.

పనిని భాగాలుగా చేసి ఒక్కో భాగానికి డబ్బు ఇచ్చే మైల్‌స్టోన్ పద్ధతిలో క్లయింటు ముందుగా డబ్బు ఎస్క్రోలో, అంటే అప్‌వర్క్ దగ్గర ఉండే మధ్యవర్తి ఖాతాలో, పెడతాడు. అది నిండిందో లేదో చూడకుండా నేను ఫైలు తెరవను. పని అప్పగించాక 14 రోజులు అతను ఏమీ మాట్లాడకపోతే డబ్బు దానంతట అదే విడుదలవుతుంది. నా వరకు ఈ వేదికలో అన్నిటికన్నా విలువైనది ఇదే. ప్రెస్సుల పనిలో ‘పుస్తకం అమ్ముడయ్యాక ఇస్తాం’ అన్న మాట ఎన్నిసార్లు విన్నానో! గంటల లెక్కన చేస్తే ప్రతి పది నిమిషాల భాగానికీ మన తెర ఫొటో ఒకటి తీస్తారు. కొందరికి అది ఇబ్బంది. పేజీలు కట్టే పనికి నాకేమీ అడ్డు అనిపించలేదు, ఆ గంటలకు డబ్బు వస్తుందన్న భరోసా ఉంది. వారం ముగిశాక పది రోజులకు చేతికి అందుతుంది.

టెలిగ్రామ్‌లోకి రమ్మని, పని ఇచ్చే ముందు డిపాజిట్ కట్టమని అడిగేవారు అక్కడ కూడా తగులుతారు. వెంటనే ఫిర్యాదు చేసి వదిలేయండి. వేదిక మీద పరిచయమైన క్లయింటు నుంచి రెండేళ్ల దాకా బయట డబ్బు తీసుకోవడం నిబంధనలకు విరుద్ధం. నాలుగు డాలర్ల కమీషన్ మిగుల్చుకోబోతే కూడబెట్టిన రేటింగులన్నీ ఖాతాతో పాటు పోతాయి.

2024 సెప్టెంబర్ మొదట్లో విజయవాడలో బుడమేరు వాగు పొంగినప్పుడు మేము సింగ్ నగర్ దగ్గర ఉండేవాళ్లం. కరెంటు లేదు, నెట్ లేదు. సిగ్నల్ దొరికిన మొదటి క్షణంలో క్లయింట్లందరికీ రెండు ముక్కలు రాశాను, మా వీధి ఫొటో ఒకటి పంపాను. గుంటూరులో మా పిన్ని ఇంటికి చేరాక, ఏ ఫైలు ఏ రోజుకు ఇవ్వగలనో తేదీలతో మళ్లీ రాశాను. ఒక్కరు కూడా కాంట్రాక్టు రద్దు చేయలేదు. ఆలస్యం కన్నా మౌనమే వాళ్లను ఎక్కువ భయపెడుతుందని నా గట్టి నమ్మకం. మామూలు రోజుల్లో కూడా న్యూయార్క్‌లో ఉదయం తొమ్మిదంటే, వాళ్లు గడియారం గంట ముందుకు జరుపుకునే వేసవిలో మనకు సాయంత్రం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. ఆ గంట రెండు గంటలు ఇంట్లో నన్ను ఎవరూ పిలవరు.

ఇలాంటిదే ఇంకో వేదిక ఫైవర్‌లో కూడా నాకు ఖాతా ఉంది, కమీషన్ 20 శాతం. అక్కడ కొనేవారే మన దుకాణానికి వస్తారు. పుస్తకం అట్టలాంటి ఒకేసారి తేలిపోయే చిన్న పనులకు బాగుంటుంది. నా పనికి అప్‌వర్క్ నయం. పన్నుల విషయానికొస్తే, ఏడాది రాబడి 20 లక్షలు దాటితే జీఎస్టీ నమోదు తప్పదు. ఎల్‌యూటీ అనే హామీ పత్రం జీఎస్టీ శాఖకు దాఖలు చేస్తే విదేశీ క్లయింట్లకు పన్ను వేయకుండానే బిల్లు ఇవ్వవచ్చు. మంచి ఆడిటరు ఒకరు తెలిసి ఉండాలి.

ఈ మధ్య మామూలు తెలుగు టైపింగ్ పనులు బాగా తగ్గిపోయాయి. యంత్రం అనువదించిన తెలుగును పేజీలో పెట్టాక ఒక్కో మాట చదివి, విరిగిన ఒత్తులు, దారి తప్పిన అర్థాలు పట్టుకునే పనులు ఎక్కువయ్యాయి. మందుల డబ్బాల మీదికి, ఆసుపత్రి పత్రాల మీదికి వెళ్లే తెలుగు అది. టైపింగ్‌కు తీసుకున్న దానికి రెట్టింపు గంట రేటు అడుగుతున్నాను, ఇస్తున్నారు.