మహేంద్రగిరి, లఖారీ లోయ టెంట్ యాత్రలకు అడ్వాన్సు కట్టే ముందు ఇది చదవండి

దసరా సెలవులు దగ్గరపడుతుండటంతో పర్లాకిమిడి, బరంపురం, పలాస, శ్రీకాకుళం వాట్సాప్ గ్రూపుల్లో "మహేంద్రగిరి, లఖారీ లోయ, అడవి మధ్యలో టెంట్లలో రెండు రాత్రులు, అటవీశాఖ అనుమతి బాధ్యత మాదే" అన్న ప్రకటన మళ్లీ తిరుగుతోంది. కిందటి శీతాకాలంలో ఒడిశాలోని ఈ రెండు చోట్లూ చూడాలని ఇదే ప్రకటనను నమ్మి, బంధుమిత్రులం కలిసి మనిషికి ఆరు వేల ఐదు వందల చొప్పున కట్టి బయలుదేరాము. అడవిలో ఒక్క రాత్రి కూడా గడపలేదు. నిర్వాహకుడి పేరు ఇక్కడ రాయడం లేదు. ఫిర్యాదు విచారణలో ఉన్నందువల్లనే కాక, ఇలాంటి వ్యాపారాలు పేరు మార్చుకోవడానికి ఒక పూట చాలు కాబట్టి, పేరు కన్నా పద్ధతి తెలిస్తేనే చదివేవారికి ఉపయోగమని అనుకుంటున్నాను.

లఖారీ అభయారణ్యం చెక్‌గేటు దగ్గర అటవీ సిబ్బంది అనుమతి పత్రం అడిగినప్పుడు, మాతో వచ్చిన గైడు సంచిలోంచి ప్లాస్టిక్ కవరులో పెట్టిన ఒక కాగితం తీసి ఇచ్చాడు. అది జిరాక్సుకు తీసిన జిరాక్సు. అచ్చులో ఉన్న తేదీ మీద నీలం బాల్‌పెన్నుతో మరో తేదీ దిద్ది ఉంది. అందులోని పేర్లలో మావి ఒక్కటీ లేవు, రాసి ఉన్న బండి నంబరు కూడా మేము ఎక్కి వచ్చిన బండిది కాదు. గార్డు దాన్ని రెండుసార్లు తిప్పి చూసి, మొదట ఒడియాలో ఏదో అడిగి, మా ముఖాలు చూసి తెలుగులోకి దిగి, "ఈ కాయితం మీది కాదు కదా బాబూ, మిమ్మల్ని లోపలికి ఎలా పంపమంటారు?" అన్నాడు. ఆ మాట న్యాయమైనదే. పిల్లలతో ఉన్న మమ్మల్ని కసురుకోకుండా, చీకటి పడకముందే కిందికి దిగిపొమ్మని చెప్పిన ఆ మనిషి మీద మాకు ఎలాంటి ఫిర్యాదూ లేదు.

అసలు మోసం ఎక్కడుందంటే, రెండు వేర్వేరు ప్రదేశాలను ఒకే మూటగా కట్టి, ఒకే అనుమతితో రెండూ చూడవచ్చునని అమ్మడంలో ఉంది. మహేంద్రగిరి 1,501 మీటర్ల ఎత్తున్న కొండ. భీముడి గుడి, కుంతి గుడి, యుధిష్ఠిరుడి గుడి ఉన్న ఆ శిఖరానికి శివరాత్రికి మన ఊళ్ల నుంచి జనం తరతరాలుగా వెళ్తున్నారు. 2022లో ఒడిశా ప్రభుత్వం ఆ కొండను జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించింది. లఖారీ లోయ అలాంటిది కాదు. గజపతి జిల్లాలో సుమారు 186 చదరపు కిలోమీటర్లు విస్తరించిన ఆ లోయ వన్యప్రాణి అభయారణ్యం కనుక, దానికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పూర్తిగా వర్తిస్తుంది. ఆ చట్టంలోని 27వ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా బయటివారు అభయారణ్యంలో అడుగుపెట్టరాదు. పర్యాటకుల ప్రవేశానికి 28వ సెక్షన్ కింద అనుమతి ఇచ్చే అధికారం రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కు ఉంటుంది. నిబంధనలు ఉల్లంఘించినవారికి మూడేళ్ల వరకు జైలు గానీ, లక్ష రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. గేటు దాటి లోపల పట్టుబడితే కేసు గైడు ఒక్కడి మీదే ఉండదు, డబ్బు కట్టి వెళ్లిన మన మీద కూడా ఉంటుంది. ఈ సంగతి ఏ ప్రకటనలోనూ కనిపించదు.

ఆ ప్రకటనను కాస్త నిదానంగా చదివితే చాలు, అనుమతి లేదన్న సంగతి అందులోనే బయటపడుతుంది. "రాత్రి క్యాంప్‌ఫైర్, పాటలు" అని పెద్ద అక్షరాలతో వేశారు. అభయారణ్యానికి ప్రమాదం కలిగేలా నిప్పు పెట్టడాన్ని, మండుతున్న నిప్పును వదిలి వెళ్లడాన్ని అదే చట్టంలోని 30వ సెక్షన్ నిషేధిస్తోంది. కాబట్టి అడవి లోపల చలిమంట వేస్తామని చెప్పేవాడు చట్టం తెలియనివాడైనా కావాలి, అసలు అడవిలోకి తీసుకెళ్లే ఉద్దేశం లేనివాడైనా కావాలి. "ఏనుగులను అతి దగ్గర నుంచి చూపిస్తాం" అన్నది అంతకన్నా ప్రమాదకరమైన మాట. లఖారీ వైపు నుంచి దిగివచ్చిన ఏనుగులు శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం జిల్లాల్లో పంటలు తొక్కి, మనుషుల ప్రాణాలు తీసిన సంగతి మనకు తెలియనిది కాదు. అలాంటి చోట గుడ్డ టెంటులో పిల్లలను పడుకోబెట్టి ఏనుగులను చూపిస్తానన్నవాడికి ఏనుగులంటే ఏమిటో తెలియదని చెప్పక తప్పదు.

గేటు నుంచి వెనక్కి తిప్పాక మమ్మల్ని రోడ్డు పక్కనున్న ఒక జీడితోటలో దింపి, "ఇది కూడా అడవే అన్నా" అని టెంట్లు వేశారు. వాటి గురించి ఎక్కువ చెప్పను. అడుగున కుట్ల మీద నీరు ఆపే పట్టీ లేదు, పైన వేసే రెండో పొర తేనేలేదు. తెల్లవారేసరికి మంచు నీరు కుట్లలోంచి దిగి దుప్పట్ల అంచులు తడిసిపోయాయి. ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకూ ఉష్ణోగ్రత దాదాపు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది కాబట్టి, మహేంద్రగిరి పైన రాత్రి పలాసలో కన్నా తొమ్మిది పది డిగ్రీలు చల్లగా ఉండవచ్చు. అదే టెంట్లతో పైన ఉండి ఉంటే పరిస్థితి ఏమయ్యేదో ఊహించుకోవచ్చు. దోమతెరలు ఇవ్వలేదు. దక్షిణ ఒడిశా కొండల్లో మలేరియా, అందులోనూ ప్రమాదకరమైన ఫాల్సిపారం రకం, ఎంతో కాలంగా ఉన్న బెడద కనుక, ఎవరితో వెళ్లినా దోమతెర మాత్రం మీదే పట్టుకెళ్లండి.

అనుమతి ఉందని ఎవరు చెప్పినా, డబ్బు కట్టే ముందే ఆ పత్రం ప్రతిని అడగండి. అందులో మీ పేర్లు, తేదీ, బండి నంబరు, ఏ దారిన ఎంతవరకు వెళ్లవచ్చు, రాత్రి బస ఉందా లేక పగటి సందర్శన మాత్రమేనా అన్నవి చూసి, సంబంధిత డివిజనల్ అటవీ అధికారి కార్యాలయానికి ఫోన్ చేసి సరిచూసుకోండి. "అనుమతి గేటు దగ్గర ఇస్తారు, అంతా మనవాళ్లే" అన్న జవాబు వస్తే అక్కడితో ఆ బేరం వదిలేయడం మంచిది. ఒడిశా అటవీశాఖ స్థానిక గ్రామస్థుల భాగస్వామ్యంతో నడిపే నేచర్ క్యాంపులకు ఎకోటూర్ ఒడిశా అనే ప్రభుత్వ వెబ్‌సైటులో నేరుగా బుక్ చేసుకోవచ్చు. అందులో మీరు కోరిన లోయ లేకపోవచ్చు గానీ, ఉన్న చోట మంచం, మరుగుదొడ్డి, రసీదు ఉంటాయి, పైగా కట్టిన డబ్బులో కొంత ఆ ఊరివాళ్లకు చేరుతుంది.

డబ్బు కట్టించుకున్న తీరు కూడా చెప్పాలి. సంస్థ పేరుతో ఖాతా లేదు. ఒక వ్యక్తి యూపీఐకి పంపమని, వివరాల గడిలో "చేబదులు" అని రాయమని మెసేజి పెట్టారు. మా బావమరిది బ్యాంకు ఉద్యోగి కావడంతో అలా రాయకుండా "లఖారీ యాత్ర అడ్వాన్సు" అని రాసి పంపాడు. ఇప్పుడు మా ఫిర్యాదుకు అన్నిటికన్నా గట్టి ఆధారం ఆ మూడు మాటలే. చేబదులు అని రాస్తే అది సేవ కోసం కట్టిన సొమ్మని రుజువు చేయడానికి నానా తంటాలు పడాల్సి వచ్చేది.

దసరాకు వెళ్లేవారు రద్దు షరతులను మరింత జాగ్రత్తగా చూడాలి. "వాతావరణం వల్ల రద్దయితే డబ్బు వాపసు ఉండదు" అని ప్రకటన అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. ఈ తీరానికి అక్టోబరు ఎలాంటి నెలో మనకు ఒకరు చెప్పనక్కరలేదు: 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, మూడూ అక్టోబరులోనే వచ్చాయి. తిత్లీ పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లా కొండల్లో వరదలు, కొండచరియలతో ఎంత నష్టం చేసిందో అక్కడివాళ్లు ఇంకా మరవలేదు. అలాంటి నెలలో వాన వస్తే మొత్తం సొమ్ము నాదే అనేవాడు యాత్ర అమ్మడం లేదు, తుపాను మీద పందెం కాస్తున్నాడు.

ఇప్పటికే కట్టి నష్టపోయినవారు మెసేజులు, చెల్లింపుల స్క్రీన్‌షాట్లు, ప్రకటన బొమ్మ చెరిపేయకుండా ఉంచుకొని, ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పండి. డబ్బు పుచ్చుకుని ఫోన్ ఎత్తకుండా మాయమైతే, ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల నంబరు 1930కి ఫిర్యాదు చేయాలి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు కనుక, శ్రీకాకుళంవారు దీని కోసం గజపతి జిల్లాకు తిరగనక్కరలేదు. చెల్లించిన సొమ్ము ఐదు లక్షల లోపైతే రుసుము కూడా లేదు. రెండేళ్ల గడువు దాటకుండా చూసుకుంటే చాలు. మేము వేసిన ఫిర్యాదుకు నోటీసు అందిన వారంలోనే సగం సొమ్ము అదే యూపీఐ నుంచి తిరిగి వచ్చింది. దాని వివరాల గడిలో "చేబదులు వాపసు" అని ఉంది. మిగతా సగం కోసం కేసు నడుస్తోంది.